గోడలకు నీళ్లు పట్టిన ఆమె

కామాటిపురలో మావాళ్ల ఇరవై కుటుంబాలకు చర్చివాళ్ల చేత ఇళ్లు కట్టించింది నేనే. నన్నడగకుండా ఫాదర్ ఇటుక మీద ఇటుక పెట్టనిచ్చేవాడు కాదు.

సరే, అంత లేదు. ఆయనకు తెలుగు రాదు, నాకు హిందీ వచ్చు. పక్కన నిలబడి మాట తిప్పి చెప్పేవాణ్ని. నాకూ ఒక ఖోలీ, ఒంటిగది ఇల్లు, దక్కింది.

ఆ కొత్త గోడలకు రోజూ నీళ్లు పట్టింది పాలమూరు నుంచి వచ్చిన ఒక కూలీ. డబ్బాతో చల్లుతూ, పసిబిడ్డతో అన్నట్టు "తాగు, తాగు" అనేది. నేను నవ్వితే, "నవ్వకన్నా, దూప తీరకుంటే గోడ పగుల్తది" అనేది. చివరి గదికి మాత్రం రెండు డబ్బాలు ఎక్కువ పోసేది. అది తనకొస్తుందని ఆశ. మూడేళ్లుగా, మేమంతా గదికో కుటుంబంగా ఉండే మా పాత చాల్ మెట్ల కిందే కాపురం మరి.

చాల్‌లో ఉండేవాళ్లకే ఇళ్లన్నారు. ఆమెకు రేషన్ కార్డు లేదు. "ఈమె మీ చాల్ మనిషేనా?" అని ఫాదర్ నన్నడిగాడు. అదే గదిని మా తమ్ముడూ అడుగుతున్నాడు. నేను తల వంచుకుని ఊరుకున్నాను. ఆమె నన్నోసారి చూసి, డబ్బా అక్కడే వదిలి వెళ్లిపోయింది. మళ్లీ కనబడలేదు.

ఇప్పటికీ వానాకాలం మా గోడ చెమ్మగిల్లితే, లోపల ఎవరో గుటకలు వేస్తున్నట్టే వినిపిస్తుంది.

ఇదంతా చదివి వినిపిస్తే, బియ్యం చెరుగుతున్న మా ఆవిడ చాట కింద పెట్టింది.

"ఊరుకున్ననని రాసినవా? ఊరుకోలే నువ్వు. 'ఈమెవరో నాకు తెల్వద'న్నవ్. నేను పక్కనే ఉన్న."