చేపల పెట్టెలో నా ఇన్సులిన్

మా చిన్నప్పుడు... అంటే సునామీ వచ్చి వెళ్ళిన కొత్తలో... మా నాన్న నా ఇన్సులిన్ సీసాలను చేపల పెట్టెలో దాచేవాడు. కింద ఐసు, మధ్యలో సీసాలు, పైన మళ్ళీ ఐసు... ఆ పైన గుప్పెడు కల్లుప్పు. అచ్చం చేపల్ని పేర్చినట్టే.

అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. ఆ వానాకాలంలోనే షుగర్ అని తేలింది. పిల్లలకొచ్చే రకం... మాత్రలకు లొంగదు, పొద్దున్నా రాత్రీ సూది పొడుచుకోవాల్సిందే. మా దీవిలో, సముద్రం ఒడ్డున మా ఇంటి పక్క కొట్టువాళ్ళ ఫ్రిజ్‌లో, కూల్‌డ్రింకుల మధ్య నా సీసాలు చల్లగా ఉండేవి. డిసెంబరులో సముద్రం వచ్చి ఇల్లూ, కొట్టూ, ఫ్రిజ్జూ పట్టుకుపోయింది. గుట్టెక్కినందుకు మేం మిగిలాం.

తర్వాత మమ్మల్ని పట్నం అంచున, డాలీగంజ్ వైపు రేకుల షెడ్లలో పెట్టారు. మధ్యాహ్నమైతే ఆ రేకుల కింద మనుషులే ఉడికిపోయేవారు. ఆసుపత్రిలో కొత్త సీసాలిచ్చి, చల్లగా ఉంచమన్నారు. చల్లగా ఉంచడం గురించి చేపలవేట చేసే మనిషికి ఒకరు చెప్పాలా?

"ఐసులో సేపే అన్నేసి రోజులు నిలవుంటాది. నీ మందు ఉండదేట్రా?" అన్నాడు నాన్న.

నిజమే కదా అనుకున్నాం... రేవులో తెలిసినవాళ్ళ దగ్గర పెట్టే, ఐసూ తెచ్చాడు.

నాకు మాత్రం ఆ సూదితో బోలెడు సౌకర్యం. నీళ్ళ ట్యాంకర్ దగ్గర లైను పొడుగ్గా ఉంటే, ఖాళీ సిరంజి తీసి వెలుతురుకు పెట్టి చూసేవాణ్ణి. నా ముందున్న పిల్లలు మాయం. కళ్ళు తిరిగితే నోట్లో వేసుకోవడానికి జేబులో పంచదార పొట్లం ఉండేది. లెక్కల క్లాసులో తప్పకుండా కళ్ళు తిరిగేవి. (ఆ లెక్కలూ ఎక్కువ కాలం చెప్పించుకోలేదు లెండి... ఏడో తరగతితో బడి బంద్.)

పెట్టెలోంచి తీసేసరికి సీసాలో మందు రాయిలా ఉండేది. అమ్మ దాన్ని గుప్పిట్లో పెట్టుకుని కరిగించేది. కరిగాక అడుగున పొడిపొడిగా ఏదో పేరుకునేది... బాగా ఊపి ఎక్కించేది.

వారం తిరిగేసరికి నాకు దాహం. బిందెడు తాగినా తీరని దాహం... తాగినదంతా వెంటనే బయటికి. తర్వాత వాంతులు.

"మళ్ళీ ఏషాలేట్రా? నిన్నటికీ నేటికీ మనిషి సగమైపోనాడు... ఏటయ్యా, సూడు ఈడ్ని!" అని అమ్మ కేకేసింది.

నాన్న నన్ను భుజానేసుకుని రోడ్డు మీదికి పరిగెత్తి, వెళ్తున్న జీపుకి అడ్డంగా నిలబడ్డాడట. నాకు గుర్తులేదు.

కళ్ళు తెరిచేసరికి చేతికి సెలైన్. మా దీవుల్లో అందరూ మాట్లాడుకునే హిందీలో డాక్టరమ్మ నాన్నను అడుగుతోంది, "దవా కహాఁ రఖా థా, భయ్యా?"

మందెక్కడ పెట్టావంటే, ఐసులో ఉప్పేసి తాజాగా ఉంచానని నాన్న ఛాతీ విరుచుకుని చెప్పాడు. "బరఫ్ మే, మేడమ్! నమక్ డాల్‌కే! ఏక్‌దమ్ తాజా!"

ఆవిడ నన్నొకసారి, నాన్ననొకసారి చూసి, "మఛ్లీ హై క్యా?" అంది... ఇదేమన్నా చేపా అని.

పక్క మంచం మీది తాత పకపకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది గానీ నవ్వడానికి ఓపిక లేదు. నాన్న నవ్వలేదు. ఒకసారి గడ్డకడితే ఇన్సులిన్ చచ్చిపోతుందని, వారం నుంచీ నేను పొడుచుకున్నది వట్టి నీళ్ళతో సమానమని, ఇంకొక్క పూట ఆలస్యమైతే బిడ్డ దక్కేవాడు కాదని ఆవిడ నెమ్మదిగా చెప్పింది.

వరండాలో నాన్న గొంతు వినిపించింది. "నా సేత్తోనే పెట్నానే..."

"పాడైపోవాలని పెట్నావేటి? సల్లగుండాలనే గదా" అంది అమ్మ.

షెడ్డుకి తిరిగొచ్చాక డాక్టరమ్మ చెప్పినట్టే ఒక పెద్ద కుండ, దాన్లో ఒక చిన్న కుండ, మధ్యలో ఇసుక. ఇసుక ఎప్పుడూ తడిగా ఉండాలి, పైన తడిగుడ్డ. చిన్న కుండలో నా సీసాలు. గాలి తగలాలని గుమ్మం పక్క నీడలో పెట్టాం.

కంచంలో అన్నం కనిపిస్తేనే సూది అనేది కూడా అప్పుడే నేర్చుకున్నా. అన్నం బండి వస్తోందన్న మాట నమ్మి ముందే పొడుచుకుంటే, ఆ బండి రాదు... కళ్ళు నిజంగానే తిరుగుతాయి.

కుండ బాగానే ఉంది గానీ, ట్యాంకర్ వస్తేనే నీళ్ళు. తాగడానికే చాలవు, ఇసుకకేం పోస్తాం?

ఒకరోజు పక్క గదిలో ఉండే బెంగాలీ దీదీ బకెట్‌తో వెళ్తూ ఆగింది. దోసెడు నీళ్ళు ఇసుక మీద చల్లి, "అరే, దవా కో పానీ పిలాయా?" అంది నాతో... మందుకి నీళ్ళు తాగించావా అని.

"నహీఁ దీదీ. ప్యాసా హై బేచారా" అన్నాను. దాహంతో ఉంది పాపం అని.

అంతే... అది మా షెడ్ల వరుసకంతా అలవాటైపోయింది. ట్యాంకర్ నుంచి ఎవరు వచ్చినా మా గుమ్మం దగ్గర ఆగి, దోసెడు చల్లి వెళ్ళేవారు. వాళ్ళ పిల్లలకు స్నానాలు లేని రోజుల్లో కూడా. ఆ కుండ ఒక్క పూటా ఎండలేదు.

నాన్న మళ్ళీ వేటకు పోవడం మొదలుపెట్టాక, రాగానే ముందు కుండలో చెయ్యి పెట్టి చూసేవాడు. "సల్లగుంది... గడ్డ కట్టలేదు" అని తనకు తనే చెప్పుకుని, అప్పుడు కాళ్ళు కడుక్కునేవాడు. నా సీసాలన్నీ చేపల కంపు.

ఇప్పుడు ఆ దగ్గర్లోనే గరాచర్మలో సొంతిల్లు. గడ్డం అప్పుడే నెరుస్తోంది. ఫ్రిజ్‌లో గుడ్ల పక్కన ఇన్సులిన్ పెన్నులు వాటి పాటికి అవి చల్లగా ఉంటున్నాయి... ఎవరూ నీళ్ళు చల్లక్కర్లేదు. ఎదురింటివాళ్ళకు నాకు షుగరున్న సంగతే తెలియదు. వాళ్ళకేముందో నాకూ తెలియదు.

మీకూ అలా దోసెడు నీళ్ళు పోసి వెళ్ళినవాళ్ళు ఉంటే, వాళ్ళ పేరు కింద రాయండి... నేనూ రాద్దామనే కూర్చున్నాను. ఆ దీదీ పేరు మేమెవరమూ అడగనేలేదు.