అక్క చప్పట్లు

మా అక్క చివరిగా చేసిన పని ఒక చొక్కాకు గుండీ కుట్టడం. దారాన్ని పళ్లతో కొరికి, కుట్టుమిషన్ పక్కనున్న టేపురికార్డర్ మీట నొక్కి, పల్లవి రాగానే ఎప్పట్లాగే పాటతోపాటు చప్పట్లు కొట్టింది. మధ్యాహ్నానికల్లా పోయింది.

ఆ టేపు మా తమ్ముడి పవర్ పాప్ బ్యాండ్ చేసిన ఒకే ఒక్క ఆల్బం. హోరెత్తే గిటార్లు, వినగానే నోటికెక్కే పల్లవులు. రికార్డింగ్ రోజు వాడే వచ్చి, కుడుతున్న బట్ట పక్కన పెట్టించి మరీ అక్కను స్టూడియోకు లాక్కెళ్లాడు. "నువ్వు కొడితేనే అక్కా, పాటకి ఊపొచ్చేది" అంటూ, అరచేతులు కందిపోయేదాకా కొట్టించాడు.

ఆల్బం వచ్చిన వారానికే పత్రికలో సమీక్ష పడింది. పాటలు బాగున్నాయట. "ఆ చప్పట్లు మాత్రం మనుషులవి కావు, యంత్రానివి. ప్రాణం లేదు" అని రాశాడు సమీక్షకుడు. అక్క తన అరచేతులకేసి చూసుకుంది.

"నావి యంత్రం చేతులట్రా? ఆ పెద్దమనిషి చెవులకెవరో గుండీలు పెట్టేసినట్టున్నారు!"

నవ్వుతూనే అంది కానీ, మళ్లీ స్టూడియో గడప తొక్కలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. వినకుండా రాసే హక్కు వాడికెవరిచ్చారు? పత్రికకు మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. "పోనీలే అన్నయ్యా, వదిలెయ్" అనేవాడు తమ్ముడు, తల దించుకుని. నేను వదల్లేదు. పదేళ్లు ఆ సమీక్షకుణ్ణి తిట్టిపోశాను.

అక్క పోయిన నెలకు, తమ్ముడి అటక మీద రికార్డింగ్ టేపుల పెట్టె దొరికింది. ఒకదాని మీద వాడి చేతిరాత: "అక్క చప్పట్లు. వాడలేదు, మెషీన్‌వి పెట్టాం."