లక్క వేసిన పెట్రోలు మూత

గోడౌనులో అందరూ ఆయన్ని సీలాయన అనేవారు. ఉద్యోగం అయిపోయినా ఆ పేరు వదల్లేదు. వీధిలోకి పాకింది, కూరగాయల బండి దగ్గరికి పాకింది, చివరికి బామ్మర్ది నోటికీ పాకింది. ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం బామ్మర్ది ఆయన్ని బావా అనే పిలిచేవాడు.

ఆయన చేసిన పని ఒక్కటే. సాయంత్రం గోడౌను తలుపులకు తాళాలు పడ్డాక ప్రతి తాళానికీ గుడ్డ చుట్టి, దాని మీద కరిగించిన లక్క పోసి, అది గట్టిపడేలోపు ఇత్తడి ముద్ర నొక్కి సీలు వేయడం. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి ఆ ముద్రలు చెక్కుచెదరకుండా ఉన్నాయో లేదో చూడడం. బతుకంతా ఇదే చేసినవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. ముద్ర పగిలి ఉంటే ఎవడో దొంగ వచ్చాడని తెలుస్తుంది. పగలకుండా ఉంటే ఎవడో తెలివైన దొంగ వచ్చాడనిపిస్తుంది. గోడౌను మూతపడ్డ రోజున అందరూ గోడగడియారాలూ కుర్చీలూ పట్టుకుపోతుంటే, ఈయన ముద్రా మిగిలిన లక్కా జేబులో వేసుకుని ఇంటికొచ్చాడు. జబ్బు కూడా వెంటే వచ్చింది.

కారు మామగారిది. ఆయన పోయినప్పుడు కారూ, బామ్మర్దీ ఒకేరోజు సీలాయన ఇంటికి చేరారు. అత్తగారు అంతకుముందే పోయింది. బామ్మర్దికి అప్పటికి మీసాలు కూడా రాలేదు. సీలాయన ఇద్దరికీ లోటు చేయలేదు; ఒకరిని చదివించాడు, ఒకదానికి టైర్లు మార్పించాడు. చదివినవాడు కట్టుడుపళ్ళు తయారుచేసే పనిలో కుదురుకున్నాడు. కారు ముసలిదైపోయింది.

ఎడమవైపు తలుపు లోపలినుంచి తప్ప తెరుచుకోదు. కిటికీ అద్దం పైకి రావాలంటే ఒకరు పిడి తిప్పుతుంటే మరొకరు అరచేతులు ఆనించి పైకి తొయ్యాలి. వానొస్తే నడిపేవాడి కాళ్ళ దగ్గర చిన్న మడుగు కడుతుంది. ఇన్ని రోగాలున్నా ఒక్క గుణం దాన్ని కాపాడుతూ వచ్చింది. దారిలో ఎవరినీ వదిలేసేది కాదు. సణుగుతూనో మూలుగుతూనో ఇంటికి చేర్చేది. సీలాయన భార్య ముందుగదిలో మిషను పెట్టుకుని కర్టెన్లు కుడుతుంది. కుట్టినవి ఇళ్ళకూ ఆఫీసులకూ చేరాలంటే ఆ కారే దిక్కు. పగలు ఆయన నడిపేవాడు, సాయంత్రాలూ ఆదివారాలూ తమ్ముడు నడిపేవాడు. పుట్టింటి నుంచి ఆమెకు మిగిలినవి ఆ రెండే, ఆ కారూ ఆ తమ్ముడూ. కారు ఎప్పటికైనా పోయేదే అని ఆమెకు తెలుసు. తమ్ముడి విషయంలో మాత్రం ఆ ఆలోచనే రానిచ్చేది కాదు.

ఒకరోజు పొద్దున సీలాయన కళ్ళు పెట్రోలు ముల్లు మీద పడ్డాయి. రాత్రి వదిలినప్పుడు సగం దగ్గర ఉందని ఆయన నమ్మకం. ఇప్పుడు సగానికి కిందుంది. మర్నాడూ అంతే. మెకానిక్‌ని అడిగితే, వయసు మీదపడిన బండి పెద్దాయనా, కాస్త ఎక్కువే తాగుతుంది, మనం కూడా అంతేగా అని నవ్వేశాడు. సీలాయన నవ్వలేదు. బండి తాగితే నడిచేటప్పుడు తాగాలి గానీ, నిద్రపోయేటప్పుడు తాగడమేమిటి?

బామ్మర్దికి మోటారుసైకిలుంది. అది ఎప్పుడు పెట్రోలు పోయించుకుంటుందో సీలాయన ఎన్నడూ చూడలేదు. చూడలేదు కాబట్టి పోయించుకోవడం లేదని తేల్చుకున్నాడు. అప్పట్నుంచి బామ్మర్ది బండి స్టార్ట్ చేసినప్పుడల్లా ఆ చప్పుడులో తన పెట్రోలు మండుతున్నట్టే వినిపించేది. వాడు లేనప్పుడు వాడి గదిలోకి వెళ్ళి చూశాడు. బల్ల కింద ఒక రబ్బరు గొట్టం కనిపించింది. తీసి వాసన చూశాడు. పళ్ళ అచ్చులకు వాడే సుద్దపొడి వాసన తప్ప ఏమీ రాలేదు. కడిగేసి ఉంటాడనుకున్నాడు.

ఇక ఆగలేకపోయాడు. వంటింట్లో పాత గరిటెలో లక్క కరిగించి, అది చల్లారేలోపు పరుగున వెళ్ళి కారు పెట్రోలు మూత చుట్టూ, పైనా పోసి ముద్ర నొక్కాడు. గరిటె మళ్ళీ దేనికీ పనికిరాకుండా పోయింది. భార్య గరిటెను చూసింది, కారును చూసింది, మొగుడిని చూసింది, లోపలికెళ్ళి మిషను తొక్కుకుంది.

ఆదివారం కారు తియ్యడానికి వెళ్ళిన బామ్మర్ది వెనక్కి వచ్చాడు.

"బావా, మూతకేమైనా దెబ్బ తగిలిందా? కట్టు కట్టారు."

సీలాయన పేపరులోంచి తల ఎత్తలేదు. బామ్మర్దికి అర్థమైంది. అర్థమైనట్టు పైకి కనిపించకుండా తాళం చెవి తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజే కారు మొదటిసారి ఆగిపోయింది. వెనక సీటు నిండా కర్టెన్లు, పక్కన అక్క. ఊరు దాటి వంతెన దగ్గరికి రాగానే దగ్గినట్టు దగ్గి, గుటకలు మింగి, చచ్చింది. ఎంత తిప్పినా లేవలేదు. చాలాసేపు చెట్టు కింద కూర్చుని లేచి మళ్ళీ తిప్పితే ఏమీ ఎరగనట్టు లేచింది. తర్వాత సీలాయన చేతిలోనూ అంతే. కొంత దూరం బుద్ధిగా వెళ్ళడం, గొంతు పట్టేసినట్టు ఆగడం, బతిమాలితే కాదు, వదిలేస్తే లేవడం.

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాలంటే ఆయనకొక చిక్కు. లక్క చూస్తే వాడు షెడ్డులో అందరికీ చెప్పి నవ్వుతాడు. అందుకని ఇంటి దగ్గరే లక్కంతా చెక్కేసి, మరక కూడా మిగలకుండా స్పిరిటులో నానబెట్టి, మూత నిగనిగలాడేలా తుడిచి తీసుకెళ్ళేవాడు. మెకానిక్ ఊరంతా తిప్పుకొచ్చేవాడు. ఎక్కడా ఆగేది కాదు. నాకంటే ఆరోగ్యంగా ఉంది పెద్దాయనా అని తాళం చేతిలో పెట్టేవాడు. ఇంటికి రాగానే మళ్ళీ లక్క, మళ్ళీ ముద్ర, మర్నాడు మళ్ళీ వంతెన దగ్గర కర్టెన్ల మూటలతో పడిగాపులు. ఒక ఆఫీసువాళ్ళు ఇక మీ దగ్గర కుట్టించుకోమని ఆమె మొహం మీదే అనేశారు.

మెకానిక్ చేతిలో నడిచి తన చేతిలో ఆగుతోందంటే ఆయన దృష్టిలో అది యంత్రం గుణం కాదు, ఎవరో చేస్తున్న పని. మెకానిక్‌తో బామ్మర్ది టీ తాగడం ఒకసారి కళ్ళారా చూశాడు. ఇంకేం కావాలి? పెట్రోలు తీయడం కుదరక ఉక్రోషంతో ట్యాంకులో పంచదారో ఇసుకో పోస్తున్నాడు. ఎదురుగా ఒక్క అడ్డు ఉంది. ముద్ర పగలలేదు. భూతద్దం పెట్టి చూసినా పగలలేదు. పగలకుండా పోయడమెలా? ఈ ప్రశ్న ఆయన్ని తిండి తిననివ్వలేదు. జవాబు దొరికిన సాయంత్రం మాత్రం కడుపునిండా తిన్నాడు. తింటూనే బామ్మర్దిని అడిగాడు.

"ట్యాంకులో ఏం పోస్తున్నావోయ్?"

బామ్మర్ది ముద్ద నోటి దగ్గరే ఆపాడు. "సీలు వేసింది మీరు. అది పగలకుండా నేనెలా పోస్తాను బావా?"

"పళ్ళకి అచ్చు తీసేవాడికి ముద్రకి అచ్చు తీయడం ఎంతసేపు? లక్క పగలగొట్టి, పని కానిచ్చి, మళ్ళీ పోసి దొంగముద్ర కొడుతున్నావు."

 బామ్మర్ది ముద్దను తిరిగి కంచంలో పెట్టేశాడు. కోపం వస్తే బాగుండేది, వాడికి కోపం కూడా రాలేదు.

"ఊళ్ళో సగం దవడలు నా బల్ల మీదే ఉంటాయి బావా. ఏ నోరూ నన్నింత మాట అనలేదు." చెయ్యి కడుక్కున్నాడు. "అక్కా, ఈ వారంలో గది చూసుకుంటాను."

వాడు లేచి వెళ్ళాక భార్య మొగుడి కంచంలోకి చూస్తూ అడిగింది.

"వాడు వెళ్ళిపోతే ఈ ఇంట్లో నాకంటూ ఎవరుంటారండీ?"

"నేను లేనా?"

"మీరు సీళ్ళు వేసుకుంటూ ఉంటారు."

రెండు రోజుల తర్వాత కర్టెన్లు చేర్చడానికి ఇద్దరూ బయల్దేరారు. వంతెన దగ్గర కారు తన అలవాటు ప్రకారం ఆగింది. ఆయన స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఆమె దిగింది. సంచీలోంచి కత్తెర తీసి వెనక్కి నడిచింది. పంచదార ఉందో ఇసుక ఉందో ఇక్కడే తేలిపోవాలంది. ఆయన పరిగెత్తుకొచ్చేలోపు లక్క పెళ్ళలు పెళ్ళలుగా రాలిపోతోంది. మూత బిగుసుకుపోయి ఉంది. కర్టెన్ గుడ్డ చుట్టి బలమంతా పెట్టి తిప్పింది. సుయ్‌మని ఒక పొడుగాటి శబ్దం వచ్చింది, మునిగినవాడు నీళ్ళ పైకి తేలి గాలి పీల్చినట్టు. ఆమె మొగుడి చేతిలో తాళం చెవి లాక్కుని వెళ్ళి తిప్పింది. ఒక్క తిప్పుకే ఇంజను లేచింది.

ఆమె మూతను వెలుగుకు పెట్టి చూసింది. నడుమ సన్నటి కన్నం, దాన్నిండా గట్టిపడ్డ లక్క. చీర కొంగున గుచ్చుకున్న సూది తీసి పొడిచింది. ఎర్రటి పుల్లలా ఊడి వచ్చింది.

"లోపలి పెట్రోలు బయటికి పోవాలంటే బయటి గాలి లోపలికి వెళ్ళాలి కదండీ. మీరు దాని ముక్కు మూసేశారు."

ఆ క్షణంలో ఆయనకు వచ్చిన ఆలోచన చెబితే మనిషి మీద జాలి కూడా మిగలదు. అక్కా తమ్ముడూ ముందే కూడబలుక్కున్నారేమో అనుకున్నాడు.

అందుకే మర్నాడు ఎవరికీ చెప్పకుండా, మునుపెన్నడూ లేనంత శ్రద్ధగా మూతకు లక్క పోసి ముద్ర వేసి ఒక్కడే బయల్దేరాడు. వంతెన వైపు కాకుండా కొత్త దారి పట్టాడు. ఆగకూడదనే కోరుకున్నాడు. ఆగకపోతే భార్య చెప్పింది అబద్ధమవుతుంది, తాను అన్నది నిజమవుతుంది. ఏదో పాఠశాల గోడ పక్కన కారు దగ్గింది, గుటకలు మింగింది, ఆగింది. దిగి ముద్రను చూశాడు. తన ముద్రే. తన చేత్తోనే పగలగొట్టాడు. మూత తిప్పగానే అదే శబ్దం. కన్నంలోని లక్కను పుల్లతో పొడిచి తీశాడు. తాళం తిప్పగానే అదే ఇంజను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన ఒక్క దొంగనూ పట్టుకోలేదు. ఇప్పుడు పట్టుకున్నవాడిని ఎవరికి అప్పగించాలో తెలియలేదు.

ఇంటికొచ్చేసరికి బామ్మర్ది పళ్ళ అచ్చులను పాత పేపర్లలో చుట్టి పెట్టెలో సర్దుతున్నాడు. సీలాయన గుమ్మంలో నిలబడి చెప్పాల్సింది చెప్పాడు, తనకు చేతనైనంత.

"తప్పు నీది కాదోయ్. బండిదీ కాదు. లక్కది."

బామ్మర్ది చివరి అచ్చును చుట్టి పెట్టాకే తల ఎత్తాడు. "అక్క చెప్పింది బావా."

"అయితే ఇక వెళ్ళడమెందుకు? ఆ సర్దుడు ఆపు."

"రేపు ముల్లు మళ్ళీ కిందికి దిగితే?"

దానికి చెప్పవలసిన మాటలు ఎన్నో ఉన్నాయి. దిగితే దిగనీ అనొచ్చు. బండే తాగింది అనొచ్చు. అబద్ధమైనా సరే, ఆ ఒక్క పూట నవ్వేసి ఉండొచ్చు. సీలాయన నిజంగానే ఆలోచించాడు. ఆలోచించి, నిజాయితీగా అన్నాడు.

"చూద్దాం."

ముందుగదిలో మిషను చప్పుడు ఆగింది. బామ్మర్ది తలూపి పెట్టెకు తాడు బిగించాడు.

సామాను కారులోనే దింపుతానని సీలాయన పట్టుబట్టాడు. బామ్మర్ది అక్క మొహం చూసి కాదనలేదు. పెట్టె ముందు సీటులో, పరుపు చుట్ట వెనక సీటులో, దాన్ని పట్టుకుని వాడు. కొత్త గది వంతెన అవతల. వంతెన దగ్గరికి వస్తుండగా ఆయన వేగం తగ్గించాడు. ఒక్కసారి ఆగిపోతే బాగుండుననిపించింది. ఆగితే చెట్టు కింద కూర్చోవాలి, కూర్చుంటే ఏదో ఒకటి మాట్లాడుకోవాలి. ఆ ముసలి కారు ఒక్క దగ్గు కూడా దగ్గకుండా వంతెన దాటేసింది.

గది మేడ మీద. ఇద్దరూ కలిసి పెట్టె మోశారు. కిటికీ బాగుందనీ గాలి వస్తుందనీ సీలాయన అన్నాడు. బామ్మర్ది ఊఁ అన్నాడు. అక్కని ఆదివారం తీసుకురండి బావా, మీరూ రండి అని మర్యాదగా చెప్పాడు. పనికి వేళయిందని ఇద్దరూ బయటికి వచ్చారు. బామ్మర్ది జేబులోంచి కొత్త తాళం తీసి తలుపుకు వేశాడు. వేసి, గట్టిగా లాగి చూశాడు. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగి చూశాడు. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో వాడి గదికి గొళ్ళెం కూడా లేదు.

సీలాయన ఇంటికి వచ్చేసరికి భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. గది ఎలా ఉందని అడిగింది.

"తాళం వేసుకున్నాడు," అన్నాడు ఆయన.