నాన్న తూర్పు

నాన్న పోయిన పదకొండో రోజునే చిన్నాన్న పడవ విప్పేద్దామన్నాడు. నడిపేవాడు లేని పడవ ఒడ్డున ఎండకు పగులుతుందని, ఇప్పుడైతే పలకలు వంటచెరకుకైనా పనికొస్తాయని చెప్పాడు. ఇంట్లో అందరూ తలలు ఊపారు. నేను ఒప్పుకోలేదు. అప్పటికి కార్తీకం. చివరికి ఆయనే గడువు పెట్టాడు: ఉగాదికి అది తెరచాపతో సముద్రం మీదికి వెళ్లాలి, లేకపోతే గొడ్డలి తెస్తాడు.

స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్లకు నాన్న, చిన్నాన్న శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి ఈ దీవులకు వచ్చి, చౌల్దారీ దాటాక పడమటి ఒడ్డున గుడిసెలు వేసుకున్నారు. ఆ పడవను నాన్న ఇక్కడి పడాక్ కలపతో కట్టించాడు. చుట్టూ అందరూ ఇంజన్లు బిగించుకున్నా ఆయన తెరచాప వదల్లేదు. ఆయన మంచాన పడ్డ రెండేళ్లూ అది ఒడ్డు వెంబడి పొడుగునా పడి ఉంది, ఒక పక్క సముద్రం, ఒక పక్క కొబ్బరి చెట్లు. ఆసుపత్రిలో ఆయన నాతో చివరగా చెప్పింది పడవ సంగతే.

"తూరుపేపు అడుగు పలక పుచ్చిపోనాది. అది మార్చాల."

నేను ఆస్టినాబాద్‌లో ఉంటూ బడిలో పాఠాలు చెప్పేదాన్ని. సెలవులన్నీ పడవకే ఇచ్చాను. బెంగాల్ నుంచి వచ్చి చౌల్దారీలో స్థిరపడిన వడ్రంగి మిస్త్రీ ఒకాయన పనికి ఒప్పుకున్నాడు. చాతం సా మిల్లు నుంచి పలకలు నేనే తెచ్చాను. నాన్న మాటను ఆయనకు హిందీలో చెప్పాను: పూరబ్ వైపు పలక. మిస్త్రీ కొబ్బరి చెట్ల వైపు కూర్చుని మేకులు ఊడదీశాడు. ఊడి వచ్చిన పలకను తట్టి చూశాడు.

"దీదీ, యే తో అచ్ఛా హై."

బాగున్నా సరే, నాన్న చెప్పాడు, మార్చమన్నాను. ఆ రోజుల్లో ఆయన మాటకు ఎదురు ఆలోచించడం నా వల్ల కాలేదు. కొత్త పలక వేసి, సందుల్లో నూలు దట్టించి గుగ్గిలం పూశాం. చిన్నాన్న రోజూ వచ్చి చూసి వెళ్లేవాడు.

ఉగాదికి పది రోజులుండగా నీళ్లలోకి నెట్టాం. మోకాలి లోతు దాటకముందే పడవ లోపల నీళ్లు నిలిచాయి. వెనక్కి లాగి, సముద్రం వైపు పలకలో పొడిస్తే మిస్త్రీ ఉలి పిడిదాకా దిగింది. పైన తారు తప్ప లోపల కలప లేదు.

చిన్నాన్న నవ్వాడు. "ఏటే గుంటా, అంత సదివినావు, మీ అయ్య తూరుపు తెలవదా? సముద్రం ఏపుంటే మాకదే తూరుపు. పొద్దు అటు గుంకితే మాకేటి?"

నిజమే. వాళ్లు పుట్టిన ఒడ్డున సముద్రం తూర్పున ఉండేది. ఇక్కడ అది పడమటికి వచ్చినా ఆ మాట మారలేదు. బడిలో చేరిన కొత్తలో, సూర్యుడు తూర్పున అస్తమిస్తాడని రాసి నేను దెబ్బలు తిన్నాను. ఆ తర్వాత ఆ తూర్పు నా నోట రాలేదు.

చూస్తూ ఎందుకు చెప్పలేదని అడిగాను. నువ్వు అడగలేదు కదా అన్నాడు. గొడ్డలి ఇంట్లోనే ఉందని కూడా గుర్తు చేశాడు.

బడికి సెలవు పెట్టి మళ్లీ చాతం వెళ్లాను. ఉగాది ముందురోజు సాయంత్రానికి రెండో పలక బిగిసింది.

మర్నాడు పొద్దున పడవ తేలింది. తెరచాప ఎత్తడానికి మా వాళ్లెవరూ రాలేదు. మిస్త్రీకి సముద్రమంటే భయం, అయినా నీళ్లు తోడే డబ్బా పట్టుకుని ఎక్కాడు. నేను కుచ్చెళ్లు దోపుకుని చుక్కాని దగ్గరికి వెళ్లాను. పన్నెండేళ్లు వచ్చేదాకా నాన్న పక్కన కూర్చుని దాన్ని పట్టుకునేదాన్ని. తర్వాత ఆడపిల్ల పడవ ఎక్కకూడదన్నారు. ఆయన ఎదురు చెప్పలేదు. అందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

చిన్నాన్న నీళ్లలోకి వచ్చి పడవ అంచు పట్టుకున్నాడు. "దిగవే. ఆడది ఎక్కిన పడవకి సేప పడదు."

"నేను చేపలకెళ్లట్లేదు చిన్నాన్నా. చెయ్యి తియ్యి."

తియ్యలేదు. నేను తాడు లాగాను. తెరచాప గాలి పట్టింది. ఆయన అంచు వదలకుండా కొన్ని అడుగులు పక్కనే నడిచాడు. నీళ్లు ఛాతీ దాకా వచ్చాక వదిలేశాడు.