మైపాడు ఇసుకలో బంట్రోతు తాత

మా ఎదురింటి బంట్రోతు తాత పోయిన బుధవారం తెల్లవారుజామున కన్నుమూశారు. నెల్లూరు నుంచి అమ్మ రాసిన కార్డు కావలిలో నాకు శనివారం అందింది. "బాధపడలేదు, నిద్రలోనే పోయినారు" అని ఒక్క ముక్క, దాని కింద మా పొలం సంగతులు. కార్డు పట్టుకుని చాలాసేపు గుమ్మంలోనే కూర్చుండిపోయాను. ఆయనకూ నాకూ చుట్టరికం లేదు. అయినా నాకు మా ఊరు తెలిసిందంటే ఆయన వెనకాల నడవడం వల్లనే.

తెల్లదొరల కాలంలో ఆయన ఉప్పు శాఖలో బంట్రోతు, ఏ శాఖో మా వీధిలో ఎవరూ అడిగి తెలుసుకోలేదు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. ఆదివారం చర్చికి వెళ్లేవారు, మిగతా రోజులు అరుగు మీదే కూర్చునేవారు. మా వీధివాళ్లు ఊరికి వెళ్తూ తాళంచెవి ఇచ్చిపోవడానికి తప్ప ఆయన్ని పెద్దగా పట్టించుకునేవారు కాదు.

స్వాతంత్ర్యం వచ్చి పదేళ్లు నిండిన ఏడు నేను ఎనిమిదో తరగతి. మన ఊరి చరిత్ర రాసుకురండి, పుస్తకంలోంచి ఎత్తి రాస్తే ఒప్పుకోను, మనుషుల్ని అడిగి రాయాలి అన్నారు మా సోషల్ టీచరు. నేను బద్ధకస్తురాలిని, ఎదురిల్లు దాటి వెళ్లలేదు. తాత మాత్రం నన్ను ఊరంతా నడిపించారు. చెప్పులు చేత్తో పట్టుకుని పెన్న ఇసుకలో దిగేవారు. తెల్లవారే వేళ అక్కడి నుంచి చూస్తే రంగనాయకుల గుడి గోపురం నేలకు తగలకుండా తేలుతున్నట్టుండేది. పూడిపోయిన కోట కందకం దగ్గర నిలబడి, ఇక్కడ నిండా నీళ్లుండేవని ఆయన చెబుతుంటే నా పాదాలు నిజంగానే చల్లబడేవి. "చూసింది రాయి పాపా. విన్నదాన్ని విన్నానని రాయి" అనేవారు.

ఒక ఆదివారం బస్సులో మైపాడు తీసుకువెళ్లారు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ఆ ఒడ్డున పొయ్యిలు ఎక్కడ పెట్టారో, సముద్రపు నీళ్లు ఎవరు మోశారో, నిండు చూలాలు ఒకావిడ వంగలేక వంగి మంట ఎలా ఊదిందో అన్నీ చెప్పారు. ఏడు కుండలట. చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకున్నారు. ఎండకు ఒడ్డంతా కరిగి ఆడుతోంది. అందులో నాకు పొగ కనిపించింది, ఖద్దరు చీరలు కనిపించాయి, ఉప్పు తేలుతున్న కుండలు కనిపించాయి. ఇంటికొచ్చి, మా ఎదురింటి తాత ఉప్పు వండి దొరలను ఎదిరించారని రాసేశాను. ఆయన్ని ఒక్క మాట అడగాలని తోచలేదు.

టీచరు అది హెడ్మాస్టరుకు చూపించారు. ఆగస్టు పదిహేనున తాతకు బడిలో సన్మానమని తేల్చారు. ఆ పది రోజుల్లో తాత బతుకే మారిపోయింది. కాఫీ హోటలాయన లేచి కుర్చీ వేశాడు. అంతవరకు "ఏమోయ్ బంట్రోతూ" అని పిలిచే మా నాన్న ఉన్నట్టుండి "గారు" తగిలించారు. తాత రెండుసార్లు మా ఇంటికొచ్చి, "పాపా, నువ్వు రాసింది..." అని ఆగిపోయారు. రాతలో తప్పులు పట్టడానికి వచ్చారనుకుని నేను చిరాకుపడ్డాను. ముసలితనంలో మొదటిసారి దొరికిన మర్యాదను చేజేతులా వదులుకోవడం ఎంత కష్టమో అప్పుడు నాకేం తెలుసు?

ఆ రోజు ఆయన చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకొచ్చారు. హెడ్మాస్టరు దండ ఎత్తగానే చెయ్యి అడ్డం పెట్టారు.

"వద్దయ్యా. ఆ కుండలు పగలగొట్టింది నేనే. ఏడింటినీ ఈ కాలితోనే తన్నినాను. పాప తెలీక రాసింది."

హెడ్మాస్టరు మంచివారు. పైవాళ్ల ఆర్డరు, అందులో మీ తప్పేముంది అని సర్దబోయారు.

"ఆర్డరు దొరది. కాలు నాదే కదయ్యా" అన్నారు తాత.

దండ బల్ల మీదే ఉండిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. సిగ్గుతో ఏడ్చాను, ఆయన మీద కోపంతో ఇంకాస్త ఏడ్చాను. మూడు రోజులు ఆ అరుగు వైపు చూడలేదు. హోటల్లో కుర్చీ వేయడం మానేశారు. మా నాన్న "గారు" ఊడబీకారు. నాలుగో రోజు నోటుబుక్కు పట్టుకుని నేనే వెళ్లాను. పాత వాక్యం కొట్టేసి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి చదివి వినిపించాను. "ఇప్పుడు సరింగా ఉండాది" అన్నారు. అంత తేలికపడిన ముఖం నేను మళ్లీ ఎవరిలోనూ చూడలేదు. ఇప్పుడు నేనూ పిల్లలకు చరిత్ర చెబుతున్నాను. తెలియనిది తెలియదని, చేసిన తప్పు చేశానని క్లాసులో నిలబడి ఒప్పుకునే పాటి ధైర్యం నాకుందంటే అది ఆయన పెట్టిన భిక్షే.

ఆ తర్వాత ఏటా ఆగస్టులో మా టీచరు పిల్లల్ని మైపాడు తీసుకెళ్లేవారు. దారి చూపేది తాతే. నేనూ వెళ్లేదాన్ని. పొయ్యిలు పెట్టిన చోటు వచ్చేసరికి ఆయన ఆగేవారు. అక్కడ ఏమీ లేదు, అంతటా ఉన్న ఇసుకే. జరిగింది చెప్పడం అయ్యాక, దాని మీద కాలు పెట్టకుండా పక్కగా చుట్టి నడిచేవారు. ఎవరూ చెప్పకుండానే వెనక పిల్లలంతా అలాగే చుట్టి నడిచేవారు. తిరిగి చూస్తే, తిన్నగా వచ్చిన అడుగుల వరుస అక్కడొక్కచోట వంపు తిరిగి, మళ్లీ సముద్రం వైపు సాగిపోయేది.