చెప్పుల బాబు పట్టించిన మామిడికాయ పప్పు

కరోనా వార్డులు ఎత్తేసిన మరుసటి ఏడాది. మామిడి పిందెలు కాయలవుతున్న రోజులు. అరకు కొండల్లోని ఒక చిన్న ప్రభుత్వ ఆసుపత్రిలో, ఆడవాళ్ల వార్డులో నేను స్టాఫ్ నర్సుని. మాది కింద శృంగవరపుకోట వైపు. కొండెక్కి ఆరేళ్లయినా నా నోరు మాత్రం మెత్తబడలేదు. నేను వార్డులో అడుగుపెడితే పేషెంట్లు గబగబా దుప్పట్లు సర్దుకునేవారు. అది నా మీద గౌరవమనే అనుకునేదాన్ని.

వార్డు గోడకు ఎవరో దాత ఇచ్చిన టీవీ ఉండేది. సరిగ్గా మధ్యాహ్నం భోజనాల వేళకి అందులో నవ్వించే డిటెక్టివ్ సీరియల్ ఒకటి వచ్చేది. దొంగ ఎవరో మొదటి ఐదు నిమిషాల్లోనే మనకు చూపించేస్తారు. తెలియనిది పాపం డిటెక్టివుకే. అతను ఎవరింటికి వెళ్లినా గుమ్మం బయట చెప్పులు విడిచి, తిరిగి వెళ్లేటప్పుడు వేరేవాళ్ల చెప్పులు వేసుకుపోతాడు. మార్చుకోవడానికి మళ్లీ వస్తాడు. వచ్చినప్పుడల్లా నసుగుతూ ఇంకో ప్రశ్న అడుగుతాడు. మా వార్డులో అందరూ అతన్ని సెప్పుల బాబు అనేవారు. నిజం చెప్పొద్దూ, మందుల ట్రే చేత్తో పట్టుకుని నేనూ గుమ్మంలో నిలబడి చూసేదాన్ని.

ఆ రోజుల్లోనే చిలకమ్మ చేరింది. జి.మాడుగుల వైపు కొండమీద ఊరు. అరవై దాటి ఉంటాయి. సుగరు ఉందని తెలియకుండానే కాలి బొటనవేలికి పుండు ముదరబెట్టుకుని వచ్చింది. కూతురు ఆమెను చేర్చి, మిరియాలు కోసే పని వదులుకోలేక ఊరెళ్లిపోయింది. భోజనానికి అరగంట ముందు ఇన్సులిన్ ఇంజెక్షన్, రోజూ పుండుకి డ్రెస్సింగ్. నాలుగు రోజుల్లో దారిలో పడాల్సిన కేసు.

పడలేదు. చేరిన మూడోనాటి మధ్యాహ్నం ఆమెకి ఒళ్లంతా చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడింది. వేలు గుచ్చి చూస్తే సుగరు బాగా పడిపోయింది. దీన్ని మేం హైపో అంటాం. ఇన్సులిన్ వేసుకుని అన్నం తినకపోతే వస్తుంది, చూస్తూ ఊరుకుంటే ప్రాణం మీదికి తెస్తుంది. గ్లూకోజు ఎక్కించి నిలబెట్టాం. డాక్టరుగారు డోసు తగ్గించారు. తగ్గించగానే మిగతా రోజుల్లో సుగరు పెరిగిపోయి పుండు మళ్లీ చీము పట్టింది. పెంచితే ఇంకో మధ్యాహ్నం మళ్లీ హైపో. రెండు వారాలు ఇదే తంతు.

డాక్టరుగారు నన్ను పిలిచి, సరిగ్గా తింటోందా అని అడిగారు. ఇన్‌టేక్ చార్ట్, అంటే ఎవరు ఏం తిన్నారో రాసే కాగితం, తెచ్చి చూపించాను. ప్రతిపూటా భోజనం పూర్తిగా చేసినట్టు నా చేత్తోనే రాసి ఉంది. అబద్ధం రాయలేదు. కంచం ఖాళీగా ఉండటం నా కళ్లతో చూసి రాసిందే. ఆయన నిట్టూర్చి, విశాఖ పెద్దాసుపత్రికి రిఫర్ చేద్దాం, వేలు తీసేయాల్సి రావచ్చు అన్నారు.

ఆ మాట చిలకమ్మకి చెప్పింది నేనే. ఆమె ఏడవలేదు. "కిందకి నేను ఎల్లను. ఏలు తీసీసినాక కొండెలా ఎక్కుతాను? ఇంటికి పంపించీ, అక్కడే సస్తాను" అంది. అన్నంత పనీ చేసే మనిషి. పుండుతో ఇంటికెళితే వేలుతో పోదని నాకు తెలుసు. భయం వేసింది. భయం వేస్తే నాకు కోపం వస్తుంది. "అన్నం తింటున్నావా లేదా, నిజం చెప్పు" అని గదమాయించాను. తింటున్నానంది. మళ్లీ అడిగాను. మళ్లీ అదే జవాబు.

మర్నాడు గురువారం. డ్రెస్సింగ్ రూములోకి వెళ్లేటప్పుడు మా చెప్పులు బయట విడిచి, లోపలుండే నీలం రబ్బరు చెప్పులు వేసుకుంటాం. నా బుర్ర చిలకమ్మ రిఫరల్ కాగితాల మీదే ఉంది. అలాగే బయటికొచ్చి, ఆమెకి ఇన్సులిన్ వేద్దామని సిరంజి పట్టుకుని మంచం దగ్గర నిలబడ్డాను. ఆమె నా కాళ్ల వైపు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చూసుకుంటే ఒక కాలికి నా గోధుమరంగు చెప్పు, ఇంకో కాలికి నీలం రబ్బరుది.

"సిస్టరమ్మా, నువ్వూ సెప్పుల బాబువే" అంది చిలకమ్మ. వార్డంతా ఒక్కసారి ఘొల్లుమంది. మామూలుగా అయితే అందరి తాట తీసేదాన్ని. ఆ రోజెందుకో నాకూ నవ్వాగలేదు. నవ్వీ నవ్వీ ఆమె మంచం మీదే కూలబడ్డాను. ఆరేళ్లలో ఒక పేషెంటు మంచం మీద కూర్చోవడం అదే మొదటిసారి.

కాసేపటికి ఆమె గొంతు తగ్గించి, "ఆ సూది ఇయ్యాల ఒద్దు" అంది. ఎందుకని అడిగాను. ఈసారి గదమాయించలేదు, నవ్వు ఇంకా వదల్లేదు కనక.

"ఇయ్యాల మామిడికాయ పప్పు. మా ఊల్లో మామిడి కొత్త పండగ ఇంకా అవనేదు. దేవతకి ఎట్టకుండా మేం తినం. పప్పు అన్నం మీదే ఏసెత్తారు కదా, ఇంకేటి తింతాను?"

మరి ఖాళీ కంచం సంగతేమిటి అంటే పక్క మంచం వైపు చూసింది. అక్కడి పేషెంటుకి తోడుగా ఉన్న చెల్లెలు తల దించుకుంది. మామిడికాయ పప్పు వండే సోమ, గురువారాల్లో చిలకమ్మ కంచం ఆమె కంచమయ్యేది. అన్నం పారబోయడం తప్పని చిలకమ్మ ఇచ్చింది, ఇచ్చింది తిన్నాక పైకి చెప్పడం బాగుండదని ఆవిడ ఊరుకుంది. అందరూ టీవీ చూసే వేళ కంచం చేతులు మారింది. అప్పుడు నేను పది అడుగుల దూరంలోనే ఉన్నాను, దొంగని పట్టుకునే సీరియల్ చూస్తూ.

చార్టు తిరగేశాను. హైపోలన్నీ సోమవారాలూ గురువారాలే. తారీఖులు చూశాను గానీ వారాలు చూసుకోలేదు. కింది నుంచి వచ్చిన వంట కాంట్రాక్టరుకి అది కొత్త కాయల పప్పు, నాకూ అంతే. నాలుకకి రుచిగా ఉందనే తప్ప, కొండమీద మనిషికి అది ఇంకా తినకూడనిదని మాలో ఎవరికీ తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

నాతో ఎందుకు చెప్పలేదని ఆమెని అడిగాను. "నువ్వు తిడతావు. తిట్టినోలకి ఎవులైనా సెప్తారేటి? ఆ బాబుని సూడు, ఎవుల్నీ తిట్టడు, దొంగోడు కూడా ఆడికి సెప్పీసుకుంటాడు."

ఇంజెక్షన్ ఆపి, వంటింటికి నేనే వెళ్లి ఉత్త పప్పు, గుడ్డు విడి కంచంలో పెట్టించి తెచ్చాను. ఆమె కంచం ముందు కూర్చున్నాకే సూది వేశాను, ఆఖరి ముద్ద తినేవరకూ నేను అక్కణ్ణుంచి కదల్లేదు. డాక్టరుగారికి జరిగిందంతా నా తప్పుతో సహా చెప్పాను. రిఫరల్ వారం రోజులు ఆపారు. ఆ వారంలో హైపో రాలేదు, డోసు కుదిరింది, పుండు అడుగున ఎర్రగా కొత్త కండ పట్టింది. ఇంకో మూడు వారాలకి చిలకమ్మ ఇంటికెళ్లింది.

ఆ తర్వాత మా వార్డులో చేరేవాళ్లని వయసు, ఊరు అడిగాక, మీ ఊళ్లో ఏ కొత్త అయింది, ఏది కాలేదు అని కూడా అడుగుతున్నాం. నేను మారానని చెప్పను, నోరు ఇప్పటికీ పెద్దదే. కానీ ఒక జవాబు రెండోసారి అలాగే వస్తే ఇప్పుడు గొంతు పెంచను. ఆ మంచం మీద కూర్చుంటాను. చార్టు నాకు నేర్పనిది చెప్పుల బాబు దగ్గర చిలకమ్మ నేర్చుకుని నాకు చెప్పింది.

మామిడి కొత్త అయిన వారానికి ఆమె డ్రెస్సింగుకి వచ్చింది. రాగానే ముందు నా చెప్పుల జత చూసింది. ఆనక కాలు స్టూలు మీద పెట్టి అయిదు వేళ్లూ ఆడించి, సంచిలోంచి ఒక పచ్చి మామిడికాయ తీసి నా చేతిలో పెట్టింది.

"ఇప్పుడు వండించు. ఈ పూట ఇక్కడే తింతాను" అంది.