బిడ్డ పుట్టిందని తీసిన జుట్టు

నా దగ్గర కటింగ్ నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్ళు మొదటిరోజే ఫేడ్ ఎలా కొట్టాలని అడుగుతారు. చేతికి కరెంటు మిషను ఇస్తే చాలు, తలను రోడ్డు వేసినట్టు చదును చేసేస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది. ముందు కత్తెర పట్టుకుని గాలిలో ఆడించండి, బొటనవేలు ఒక్కటే కదలాలి, ఉంగరపు వేలు కదలకూడదు అంటాను. కాసేపటికే చెయ్యి లాగుతోందంటూ ఫోన్లు తీస్తారు. ఒక్కోసారి వాళ్ళని తిట్టడానికి నోరు తెరిచి, నేను కత్తెర పట్టిన మొదటి తల గుర్తొచ్చి మానేస్తాను.

నేను ఈ పని నేర్చుకున్నది ఎనభైలలో, చిలకలూరిపేట దాటి ఒంగోలు వెళ్ళే రోడ్డు పక్కన ఒక చిన్న ఊళ్ళో, మా మేనమామ షాపులో. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చుంటే మా అమ్మ నన్ను తన తమ్ముడి దగ్గరికి తరిమింది. మావయ్య మంచివాడే గానీ ఆయన నోరు మంచిది కాదు. నాకు మనిషి తల ఇచ్చే ముందు గోతాం ఇచ్చాడు. మిరపకాయల బస్తా, అదే టిక్కీ, కట్టిన పాత గోతాం అంచు పీచు లాగి, గోడకున్న మేకుకు తగిలించి, దాన్ని దువ్వెనతో పైకెత్తుతూ పళ్ళు దాటి బయటికొచ్చినంత మాత్రమే కత్తిరించమనేవాడు. దువ్వెన ముందు నడవాలి, కత్తెర దాని వెంట నడవాలి, రెండూ ఆగకూడదు. ఆగిన చోట మెట్టు పడుతుంది. పీచులో మిగిలిన కారం కళ్ళలో పడి నేను కళ్ళు తుడుచుకుంటుంటే, మీ అల్లుడికి పనంటే ఎంత ప్రేమో అని షాపుకొచ్చినవాళ్ళు నవ్వేవారు.

తర్వాత చేతి మిషను. రెండు పిడులూ నొక్కుతూ మెడ మీంచి పైకి పోనివ్వాలి. తల మీంచి తీసేటప్పుడు కూడా నొక్కడం ఆపకూడదు. ఆపితే వెంట్రుకలు పళ్ళ మధ్య ఇరుక్కుని పీకుతాయి. దాన్ని నా పిక్కల మీదే నేర్చుకున్నాను, అందుకని ఆ నొప్పి ఎలాంటిదో నాకు బాగా తెలుసు. కత్తి నూరడం, తోలుపట్టీ మీద రుద్దడం, పటిక తడపడం అన్నీ వచ్చాయి. మనిషి తల మాత్రం రాలేదు. ఎప్పుడిస్తావని అడిగితే, నీకొక తల పెరుగుతోందిలేరా అన్నాడు మావయ్య.

పెరుగుతున్న తల జిన్నింగ్ మిల్లులో పత్తి బోరాలు మోసే అతనిది. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దవాడు, నేను అన్నా అనేవాణ్ణి. భార్య కడుపుతో ఉంటే మావైపు మొగుడు జుట్టు తీయించుకోడు, గడ్డం చేయించుకోడు. బిడ్డ క్షేమంగా భూమ్మీద పడిన మర్నాడు మంగలి షాపుకొస్తాడు. అతను చర్చికి వెళ్ళే మనిషి. ఈ పిచ్చి పట్టింపులు మనకెందుకని పాస్టరుగారు మందలించారట. అయినా పెళ్ళయిన చాన్నాళ్ళకు వచ్చిన కడుపు, భార్య భయపడుతోంది, నాలుగు వెంట్రుకలు పెరిగితే పోయేదేముంది అనేవాడు. మిల్లు నుంచి వస్తూ మా బల్ల మీద కూర్చుని పేపరు చదువుకునేవాడు. చెవులు కప్పేసిన ఆ జుట్టు నిండా పత్తి నూగు. తల దులిపితే ఇంకో దిండు కుట్టుకోవచ్చని మావయ్య ఏడిపించేవాడు.

అంత జుట్టయితే నేను ఒకసారి తప్పు కోసినా రెండోసారి దిద్దుకోవడానికి ఉంటుందని మావయ్య లెక్క. అతనూ ఒప్పుకున్నాడు. ఇంటికెళ్ళి భార్యకు చెప్పాడట. ఆ కుర్రాణ్ణి ఏమైనా చేసుకోమను, చెవులు మాత్రం నాకు తిరిగివ్వమను అని ఆమె కబురు పంపింది. నేను ఆమెను ఎప్పుడూ చూడలేదు. ఆమె పురుడు కోసం మాత్రం వాళ్ళ పుట్టింటివాళ్ళకంటే ఎక్కువగా ఎదురుచూశాను.

చలికాలం, మిల్లు జోరుగా ఆడుతున్న రోజులు. పురిటికి గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారని తెలిసింది. తర్వాత ఒక పొద్దున్న అతను బస్సు దిగి తిన్నగా షాపులోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నా ఆనందం చెప్పలేను. తెల్లగుడ్డ దులిపి మెడకు కడుతూ, "బాబా, పాపా?" అని అడిగాను.

"పాప" అన్నాడు.

బల్ల మీద కూర్చున్నవాళ్ళు మిఠాయి ఏదని గొడవ చేశారు. ఆడపిల్ల పుడితే లక్ష్మి అన్నాడొకడు. మావయ్య నాకు తన మంచి కత్తెర ఇచ్చాడు. నేను నీళ్ళు చల్లి, జుట్టు దువ్వి, పక్క పాపిట తీశాను. ముందు బరువు తీసెయ్యాలి, అంటే చెవుల కింద వేలాడేదంతా వేళ్ళ మధ్య పట్టి కోసెయ్యాలి. ఒక గుప్పెడు కోశాను. రెండోది పట్టుకుంటే అందలేదు. తల వణుకుతోంది. కదలకన్నా అని అద్దంలోకి చూస్తే, అతను కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. గడ్డంలోంచి నీళ్ళు కారుతున్నాయి.

మావయ్య చూశాడు. బల్ల మీదవాళ్ళని టీ తాగి రమ్మని పంపేశాడు. అప్పుడు అతను చెప్పాడు. బిడ్డ లోపలే పోయింది. తల్లికి రక్తం చాలా పోయి మాట్లాడే ఓపిక కూడా లేదు. ఇప్పుడు ఈ కబురు తెలిస్తే మనిషి దక్కదు, రెండ్రోజులు ఆగండి అన్నారట డాక్టరమ్మ. బిడ్డ కాస్త నీరసంగా ఉంది, గాజుపెట్టెలో పెట్టారని ఆమెకు చెప్పారు. ఆమె నమ్మింది. ఈరోజు తెల్లవారాక, మంచం పక్కన నిలబడ్డ మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"బిడ్డ బాగుంటే నువ్వు జుట్టెందుకు తీయించుకోలేదు అని అడిగింది బాబాయ్" అన్నాడు మావయ్యతో. "అప్పట్నుంచీ కళ్ళు మూయట్లేదు. గుడ్లప్పగించి నా తలకాయే చూస్తా ఉంది."

నా చేతిలో కోసిన జుట్టు అలాగే ఉంది. ఎక్కడ పడెయ్యాలో తెలియలేదు. మావయ్య నా చేతిలోంచి కత్తెర తీసుకోబోయాడు. అతను గుడ్డ కిందనుంచి చెయ్యి బయటికి తీసి ఆపాడు.

"నువ్వొద్దు బాబాయ్. వీడు చేత్తాడని దానికి తెలుసు. నీ చెయ్యి పడితే కనిపెట్టుద్ది. వీణ్ణే చెయ్యనియ్యి."

నాకు పారిపోవాలనిపించింది. పని నేర్చుకోవడానికి ఇచ్చిన తల, ఒక మనిషిని బతికించడానికి ఆడే అబద్ధం అయి కూర్చుంది. మావయ్య వెనక నిలబడి, ఆరోజు ఒక్క తిట్టు కూడా తిట్టకుండా, చెయ్యి బిగించకురా, దువ్వెన మీద నమ్మకం ఉంచు అని మెల్లగా చెబుతూ ఉన్నాడు. బరువంతా తీసేశాను. మెడ మీద మిషను పెట్టి, నొక్కుతూ పైకి పోనిచ్చి, నొక్కుతూనే బయటికి తీశాను. ఒక్కసారి పీకింది. అతను ఉలకలేదు. ఆ మిషను పోయిన చోటికీ పైన జుట్టుకీ మధ్య గీత కనపడకుండా దువ్వెనతో, కత్తెరతో కలుపుకుంటూ వచ్చాను. ఎడమ చెవి వెనక ఆగాను, మెట్టు పడింది. దిద్దబోతే మావయ్య వద్దన్నాడు. ఆమె చూసి నవ్వడానికి ఏదో ఒకటి ఉండనీ అన్నాడు.

గడ్డం మావయ్యే చేశాడు. తడి కళ్ళతో ఉన్న మొహం మీద కత్తి పెట్టడానికి నన్ను రానివ్వలేదు. పటిక రాసి, పౌడరు అద్ది, నూనె పెట్టి, పెళ్ళికొడుక్కి దువ్వినట్టు దువ్వాడు. అతను అద్దంలో తనను తాను చూసుకున్నాడు. ఎంత బాగున్నాడో ఆ మనిషి. అంత అందమైన మొహం చూసి నాకు అంత దుఃఖం ఎప్పుడూ రాలేదు. నేల మీద జుట్టూ పత్తి నూగూ ఊడ్చేలోపే గుంటూరు బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత జరిగింది తొలకరి పడి పొలాల్లో పత్తి గింజలు పెట్టే రోజుల్లో తెలిసింది. వాన వస్తే అతను మా షాపులోకి వచ్చాడు. జుట్టు మళ్ళీ చెవుల మీదికి దిగింది. నేను గుడ్డ తీశాను. కటింగ్‌కి రాలేదులేరా అని బల్ల మీద కూర్చున్నాడు. ఎలా ఉందిరా కోడలు అని మావయ్య అడిగితే నిదానంగా చెప్పాడు. ఆరోజు ఆసుపత్రిలో ఆమె అతని తల నిమిరింది. చెవి వెనక మెట్టు వేలికి తగిలితే నవ్వింది. పాప ఎవరి పోలిక అని అడిగింది. నీ పోలికే అన్నాడు. ముక్కు అడిగింది, వేళ్ళు అడిగింది, జుట్టు ఒత్తుగా ఉందా అని అడిగింది. అన్నింటికీ జవాబు చెప్పాడు. ఆ రెండు రోజులూ హాయిగా నిద్రపోయింది, రంగు తిరిగింది, గంజి తాగింది. బతికింది. మూడోరోజు నిజం చెప్పారు. ఏడవలేదట. అతని తల వైపు చూసి, మొహం గోడ వైపు తిప్పుకుందట.

"ఆ తర్వాత ఒకసారి నరసరావుపేటలో చేయించుకుని ఇంటికెళ్ళా బాబాయ్. వంటచేసేదల్లా లేచి, ఈసారి ఏం దాచిపెట్టొచ్చావని అడిగింది. ఇంక నాకు కటింగొద్దు."

అప్పుడు కుర్చీలో గడ్డానికి నురగ పెట్టించుకుని కూర్చున్నవాడు మిరపకాయల వ్యాపారి. మంచివాడే. ఏదో పొరుగూరి నుంచి అప్పుడప్పుడూ వచ్చేవాడు కాబట్టి ఏమీ తెలియదు. కళ్ళు మూసుకుని కునుకు తీసి అప్పుడే లేచి, అద్దంలో ఆ జుట్టు చూసి సంబరపడ్డాడు.

"ఏరా, ఏమన్నా విశేషమా?"

మావయ్య కత్తి గాలిలోనే ఆపాడు.

"లేదన్నా" అన్నాడు అతను.

వాన తగ్గక ముందే లేచి, కండువా తలకు చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఊళ్ళో అందరికీ తెలిసింది గానీ, మిల్లుకు పత్తి తెచ్చే పైవూళ్ళ రైతులకు తెలియదు. ఆ ఏడాదంతా బండి మీదనుంచి బోరాలు అందిస్తూ, ఆ జుట్టు చూసి, వాళ్ళు నవ్వుమొహంతో అదే అడిగేవారు. అడిగిన ప్రతివాడికీ అతను లేదని చెప్పుకోవాల్సి వచ్చింది.